నా మీద పదిమంది

అనగా అనగా, కత్తి కంటే మాటకే పదునెక్కువైన కాలంలో, తొండయ భూపతి అనే రాజు ఉండేవాడు. ఆయన సేనాపతి ముసలివాడైపోయి, తన కత్తిని రాజుకు అప్పగించి సెలవు తీసుకున్నాడు. ఆ కత్తి ఇంకెవరికివ్వాలో రాజుకు తోచలేదు.

అంతలో సరిహద్దుకు వెళ్ళిన సైన్యం తిరిగొస్తోందని కబురొచ్చింది. వెనక శత్రువులు తరుముతున్నారు. మధ్యలో ఏరు పొంగుతోంది. రాజు ఆ కత్తి పట్టుకుని వెళ్ళి ఇవతలి ఒడ్డున నిలబడ్డాడు.

అందరికంటే ముందు బొల్లమ నాయకుడు ఏనుగెక్కి ఏరు దాటాడు. ఆయన మీసానికి చుక్క నీరు తగల్లేదు.

"నీ కింద ఎంతమంది?" అని రాజు అడిగాడు.

"వెయ్యిమంది ప్రభూ."

అందరూ దాటారా అంటే, అది నూరుమందికి నాయకులైనవాళ్ళను అడగాలన్నాడు.

వాళ్ళలో ఒకడు సూరన. గుర్రం దిగి, తన కింద నూరుమంది అని ఛాతీ విరుచుకుని చెప్పాడు. అందరూ దాటారా అంటే, పదిమందికి నాయకులైనవాళ్ళకు తెలియాలన్నాడు. తెలియడం ఎప్పుడూ ఇంకొకరి పనే మరి!

పదిమందికి నాయకులైనవాళ్ళలో మాచన మాత్రం కనిపించలేదు. అతని బంట్లు తొమ్మిదిమంది ఒడ్డున ఒక తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. పదోవాడైన పోతడు కాలు విరిగి అవతల పడిపోయాడని, వాణ్ణి తేవడానికి మాచన మళ్ళీ ఏట్లో దిగాడని చెప్పారు.

ఒక్క బంటు కోసం నాయకుడు ప్రాణం మీదికి తెచ్చుకోవడమేమిటని సూరన విసుక్కున్నాడు. అవతలి గట్టు మీద అప్పుడే శత్రువుల జెండాలు లేచాయి.

తాడు కదిలింది. మెడలోతు నీళ్ళలో, భుజాల మీద పోతణ్ణి ఎక్కించుకుని మాచన వస్తున్నాడు. ఒడ్డు దగ్గరికి రాగానే రాజు అతన్నీ "నీ కింద ఎంతమంది?" అని అడిగాడు.

"నా కింద ఏరే ఉంది ప్రభూ. మనుషులు నా మీద ఉన్నారు, పదిమంది. తొమ్మిదిమంది ఒడ్డెక్కారు. వీణ్ణి కూడా దించితే నా పని అయినట్టే."

రాజు మోకాలిలోతు నీళ్ళలోకి దిగి పోతణ్ణి తన చేతులతో అందుకున్నాడు. తర్వాత కత్తి తీసి మాచన ముందు పట్టాడు.

"ఇక నీ మీద పదివేలమంది" అన్నాడు.

మాచన ముందు పోతణ్ణి వైద్యుడి దగ్గరికి పంపించాడు. అప్పుడు రెండు చేతులూ చాచి ఆ కత్తి అందుకున్నాడు.

పదవి పెరిగినకొద్దీ పెరిగేది మనం మోయవలసిన మనుషుల సంఖ్యే.