ఐదో చింతగింజ

అనగనగా వజ్రకూట నగరాన్ని శశికేతుడనే రాజు ఏలేవాడు. పిల్లలు చుట్టూ చేరి అడిగితే ఆయన ఏడు సముద్రాలు దాటిన సంగతి చెప్పేవాడు. చిలుకను పట్టిన సంగతి చెప్పేవాడు. మాంత్రికుడు బూడిదైన సంగతి చెప్పేవాడు. ఒక్క సంగతి మాత్రం చెప్పేవాడు కాదు. నిప్పుకాపరులను ఉంచాలా, తీసెయ్యాలా అని నగరసభ తేల్చిన రోజున ఎవరి గింజ ఎటు పడిందో ఎవరడిగినా, ఎన్నిసార్లడిగినా ఆయన నోట రాలేదు. ఆయన చెప్పలేదు కనుక ఈ కథలోనూ అది ఉండదు. మిగిలినదంతా ఉంటుంది.

శశికేతుడు రాజు కాకముందు, ఆయన తండ్రి మహీధర మహారాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు, నడిమివాడు మణికేతుడు, చిన్నవాడు శశికేతుడు. పెద్దవాడిది పెద్ద నోరు. నడిమివాడిది పెద్ద నవ్వు. చిన్నవాడు మాట్లాడే ముందు ఆలోచించేవాడు, ఆలోచించాక చాలాసార్లు మాట్లాడేవాడే కాడు.

నగరానికి మూడు బురుజులు, మూడు బురుజుల మీద మూడు కంచుగంటలు. ఒక్కో బురుజు మీద పన్నెండుమంది నిప్పుకాపరులు. వాళ్లకు నీళ్లు మోసే తోలు తిత్తులు, కొక్కేల గెడలు, నిచ్చెనలు ఉండేవి. వాళ్లందరికీ పెద్ద కొండప్ప. అతని కనుబొమలు ఎప్పుడో కాలిపోయి మళ్లీ మొలవలేదు. అందుకని అతను కోపంగా ఉన్నాడో, శాంతంగా ఉన్నాడో ముఖం చూసి చెప్పడం కష్టం.

ఒకనాడు భస్మాంగుడనే మాంత్రికుడు సభకు వచ్చాడు. ఒళ్లంతా విబూది, చేతిలో ఎముకల దండం.

"మహారాజా! మీ నగరంలో పన్నెండేళ్లుగా అగ్నిప్రమాదం లేదు. ముప్ఫై ఆరుమందిని మేపుతున్నారు. వాళ్లు బురుజులెక్కి కాకులను లెక్కపెడుతున్నారు. వాళ్లను పంపించెయ్యండి. నేను ఊరి చుట్టూ బూడిదతో ఒక గీత గీస్తాను. నిప్పు ఆ గీత లోపల తల ఎత్తదు. నాకు జీతం వద్దు, బత్తెం వద్దు. ఆ మూడు గంటలు నాకిస్తే చాలు" అన్నాడు.

సభలో తొమ్మిదిమంది సభ్యులు. ఊరి పెద్దలు ఆరుగురు, రాజకుమారులు ముగ్గురు. వాళ్ల జీతాలు మిగిలితే ఆ ధనంతో అద్దాల మండపం కట్టాలని వర్తకుల పెద్ద లేచి అన్నాడు. ఏటా ఉత్సవానికి వచ్చే పొరుగు రాజులు ఆ మండపం చూసి నోరు తెరవాలట.

జయకేతుడు నవ్వుతూ, "కొండప్పా! కాకులు మొత్తం ఎన్నయ్యాయి?" అని అడిగాడు.

సభంతా నవ్వింది. కొండప్ప నవ్వలేదు.

అప్పుడు శశికేతుడు లేచాడు. "కొండప్పా, ఈ పన్నెండేళ్లలో మీరు ఆర్పిన మంటలెన్ని? మీ పుస్తకం చూపించండి."

కొండప్ప పుస్తకం తెచ్చి సభ ముందు పెట్టాడు. పన్నెండేళ్ల పుటలు తెల్లగా ఉన్నాయి.

"ఒక్కటీ లేదా?"

"గంట మోగలేదు ప్రభూ" అన్నాడు కొండప్ప. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

ఆ నగరంలో సభ నిర్ణయం గింజలతో జరిగేది. ప్రతి సభ్యుడి చేతిలో ఒక చింతగింజ, ఒక గుమ్మడిగింజ పెడతారు. మూత ఉన్న కుండలో చెయ్యి పెట్టి ఒకటి వదలాలి. చింతగింజ వదిలితే తీసెయ్యాలని, గుమ్మడిగింజ వదిలితే ఉంచాలని. చేతిలో మిగిలిన గింజను పిడికిట్లోనే ఉంచుకుని బయటికి వెళ్లి, ద్వారం దగ్గర పారే కాలువలో వదిలెయ్యాలి. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియకూడదన్నది పూర్వుల ఏర్పాటు.

కుండ బోర్లించారు. నాలుగు గుమ్మడిగింజలు, ఐదు చింతగింజలు.

నిప్పుకాపరులను ఆ సాయంత్రమే పంపించేశారు. తోలు తిత్తులను వేలం వేస్తే పానకం అమ్ముకునేవాళ్లు కొనుక్కున్నారు. నిచ్చెనలు అద్దాల మండపం కట్టేవాళ్లకు పనికొచ్చాయి. గంటలు భస్మాంగుడి బండి ఎక్కాయి.

నెల తిరిగింది. భస్మాంగుడు వచ్చి, "అద్దాల మండపం నాకివ్వండి, లేకపోతే గీత తుడిచేస్తాను" అన్నాడు. ఇచ్చారు. రెండో నెల వచ్చి, "ధాన్యపు కొట్లు ఇవ్వండి" అన్నాడు. ఇచ్చారు. మూడో నెల వచ్చి, "కిరీటం ఇవ్వండి" అన్నాడు.

మహీధరుడు ఇవ్వనన్నాడు. భస్మాంగుడు బయటికి నడిచి, గీతలో జానెడు మేర కాలి బొటనవేలితో చెరిపాడు.

ఆ మిట్టమధ్యాహ్నం సాలెవీధి అంటుకుంది. మగ్గాల మీద ఉన్న నూలు, అటక మీద ఉన్న దూది, పైకప్పుల గడ్డి, ఒకదాని తరువాత ఒకటి. గంట మోగలేదు. మోగడానికి గంటే లేదు. జనం బిందెలు పట్టుకుని ఎటు పోవాలో తెలియక ఒకరి మీద ఒకరు పడ్డారు. అప్పుడు కొండప్ప మనుషులు, పనిలోంచి తీసేసినవాళ్లు, ఎక్కడెక్కడి నుంచో పరుగెత్తుకొచ్చారు. తిత్తులు లేవు, నిచ్చెనలు లేవు. ఒట్టి చేతులతో కప్పులు పీకి, మంటను పక్క వీధికి పోకుండా ఆపారు. నలుగురు కప్పుల కింద ఉండిపోయారు.

భస్మాంగుడు కోట ముందు నిలబడి అందరికీ వినిపించేలా చెప్పాడు. "ఇది జానెడు. మూడు నెలల్లో కిరీటం ఇవ్వకపోతే గీత మొత్తం చెరిపేస్తాను. నన్ను చంపుదామనుకుంటారేమో, నా ప్రాణం నాలో లేదు. ఏడు సముద్రాల అవతల అగ్నిద్వీపంలో ఒక చిలుకలో ఉంది. చేతనైనవాడు వెళ్లి తెచ్చుకోవచ్చు."

మరునాడే జయకేతుడు బయలుదేరాడు. ఊళ్లో జనం ముఖాలు చూసుకున్నారు. "తప్పు చేసినవాడికే కదా తొందర" అని ఒకరన్నారు. కాకుల మాట అందరికీ గుర్తుంది. వీధిలో అనుకున్నది జయకేతుడి చెవిన పడింది. ఆయన వెనక్కి తిరగలేదు. నెల గడిచినా రాలేదు. మణికేతుడు బయలుదేరాడు. అతనూ రాలేదు.

శశికేతుడు బయలుదేరే ముందు కొండప్ప ఇంటికి వెళ్లాడు. కొండప్ప తలుపు తియ్యలేదు. అతని కూతురు చెంగల్వ బయటికి వచ్చింది. ఆమె చేతుల మీద కాలిన మచ్చలు ఉన్నాయి. సాలెవీధిలో ఆమె కూడా కప్పులు పీకింది.

"పుస్తకంలో ఒక్క మంటా లేదే. మీ నాయన ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు శశికేతుడు.

"ఏం చెప్పాలి దొరా? వారానికి రెండు మంటలు. వంటింట్లో చీర కొంగు, కుమ్మరి ఆవం పక్కన గడ్డివాము, దీపాన్ని తన్నేసిన పిల్లి. పొగ కనబడగానే వెళ్లి ఆర్పేసేవాళ్లు. గంట కొట్టాల్సి వచ్చిందంటే మావాళ్లు ఆలస్యమైనట్టు. ఆలస్యమైన రోజే పుస్తకంలో రాసుకుంటారు. పన్నెండేళ్లు ఏమీ రాయకుండా గడపడం మా నాయనకు గొప్ప. మీకు అది పని లేకపోవడంలా కనిపించింది."

 "నాకు మంటతో వేగడం నేర్పు" అన్నాడు శశికేతుడు.

"మీకా? పట్టుచొక్కా విప్పితే నేర్పుతాను" అంది చెంగల్వ. అతను విప్పాడు. ఆమె మూడు సంగతులు నేర్పింది. "మంటను చూడకండి, గాలిని చూడండి. కాలుతున్నదాని మీద నీళ్లు పొయ్యకండి, దాని పక్కదాన్ని తడపండి. మంట ఆరిందని వచ్చెయ్యకండి, బూడిద చల్లబడేదాకా ఒక మనిషి అక్కడే కూర్చోవాలి."

శశికేతుడు సముద్రం ఒడ్డుకు చేరాడు. అక్కడ ఇల్లంత తాబేలు ఎండ కాచుకుంటోంది.

"నన్ను ఏడు సముద్రాలు దాటిస్తావా?"

"దాటిస్తాను. ఎందుకు వెళ్తున్నావు?"

"రాజ్యం కోసం."

"ఊఁ" అంది తాబేలు, నమ్మనట్టుగా. ఎక్కించుకుంది. ఉప్పు సముద్రం దాటింది, పాచి సముద్రం దాటింది, పొగమంచు సముద్రం దాటింది. నాలుగో సముద్రం మధ్యలో ఆగి, "నాయనా, నువ్వు బక్కపలచగా ఉన్నావు. నా వీపు మీద మాత్రం బండరాయి మోస్తున్నట్టుంది. నిజంగా ఎందుకు వెళ్తున్నావు?" అంది.

"మా అన్నల కోసం."

"అది కొంచెం నయం" అని మళ్లీ ఈదింది. ఏడో సముద్రం అంచున పూర్తిగా ఆగిపోయింది. "నడుముకు దోపుకున్నది ఏమిటి? గింజంత ఉంది, నా వీపు విరుస్తోంది. నిజం చెబితే ముందుకు పోతాను. లేకపోతే ఇక్కడే మునుగుతాను. నాకేం, నాకు ఈత వచ్చు."

శశికేతుడు వంగి తాబేలు చెవిలో ఏదో చెప్పాడు. తాబేలుకు చెవులెక్కడున్నాయని అడగకూడదు. అది విన్నది.  "ఇప్పుడు తేలికగా ఉంది" అని ఏడో సముద్రం దాటించింది.

అగ్నిద్వీపం చుట్టూ తాటిచెట్టంత ఎత్తు మంట. శశికేతుడు మంటను చూడలేదు. ఇసుక పైకి విసిరి గాలిని చూశాడు. గాలి వంగినచోట మంట కూడా వంగి మనిషి పట్టేంత సందు ఇచ్చింది. దూరాడు. లోపల ఒక తాటితోపు కాలుతోంది. నడుమనున్న చెట్టుకు బంగారు పంజరం, అందులో పచ్చని చిలుక. కాలే చెట్టు మీద నీళ్లు పొయ్యలేదు. అక్కడి మడుగులో నీళ్లు తెచ్చి దాని పక్క చెట్టును తడిపాడు, ఆ పక్కదాన్ని తడిపాడు. మంటకు తినడానికి ఏమీ దొరకక తనంతట తానే ఆరింది. నడిమి చెట్టు కాలి కూలింది. పంజరం అతని కాళ్ల దగ్గర పడింది, ఈక చెదరని పచ్చచిలుకతో సహా.

పంజరం పక్కనే రెండు మసిబారిన రాతిబొమ్మలున్నాయి. ఒకదాని నోరు తెరుచుకుని ఉంది, రెండోదాని పెదవుల మీద సగం నవ్వు ఉంది. అన్నలిద్దరూ పంజరం మీద చెయ్యి వేసి రాయైపోయినవాళ్లే.

"నన్ను తీసుకో, తొందరగా తీసుకో!" అంది పచ్చచిలుక.

శశికేతుడు దాన్ని ముట్టుకోలేదు. బూడిద పక్కన కూర్చున్నాడు. ఒక పూట గడిచింది. పచ్చచిలుక బతిమాలింది. రెండో పూట గడిచింది. తిట్టింది. మూడో పూటకు బూడిద చల్లబడి కదిలింది. అందులోంచి బూడిదరంగు చిలుక ఒకటి, ఒళ్లు దులుపుకుంటూ లేచింది. అతను పట్టుకున్నాడు. పట్టుకోగానే పచ్చచిలుక పొగై పోయింది, అన్నలిద్దరూ దగ్గుతూ లేచారు.

"ఎన్నాళ్లుగా కూర్చున్నావురా?" అన్నాడు జయకేతుడు.

"చల్లబడేదాకా" అన్నాడు శశికేతుడు.

గడువు తీరే రోజున భస్మాంగుడు సభలో కిరీటం మీద చెయ్యి వెయ్యబోతుండగా ముగ్గురూ వచ్చారు. మాంత్రికుడు చిలుకను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అబ్బాయీ, అద్దాల మండపం ఇచ్చేస్తాను. ధాన్యం ఇచ్చేస్తాను. దాన్ని ఇలా ఇవ్వు."

"ముందు గంటలు" అన్నాడు శశికేతుడు.

మూడు గంటలు వచ్చి మూడు బురుజుల మీద కూర్చున్నాయి. వాటి మోత విన్నాక శశికేతుడు చిలుక కాలు విరిచాడు, మాంత్రికుడి కాలు విరిగింది. రెక్క విరిచాడు, చెయ్యి విరిగింది. మెడ విరిచాడు. భస్మాంగుడు ఉన్నచోట గుప్పెడు బూడిద మిగిలింది. అందరూ జయజయధ్వానాలు చేస్తుంటే శశికేతుడు ఆ బూడిద పక్కన కూర్చున్నాడు, అది చల్లబడేదాకా.

సభ మళ్లీ కూడింది. నిప్పుకాపరులను పిలవాలని నిర్ణయమైంది. ఈసారి కుండలో తొమ్మిదీ గుమ్మడిగింజలే. గంట మోగకుండా ఆరిన మంటలను కూడా పుస్తకంలో రాయాలని శశికేతుడు నియమం పెట్టించాడు. పానకం వాసన పోయేదాకా తిత్తులను పదిసార్లు కడిగారు.

కొండప్ప రాలేదు. "నలుగురిని పోగొట్టుకున్నాను. మిగిలినవాళ్లను మళ్లీ బురుజు ఎక్కమనడానికి నాకు నోరు రాదు" అని ఏటి అవతల పల్లెకు వెళ్లిపోయాడు. కూతుర్ని మాత్రం ఇచ్చాడు. శశికేతుడికీ చెంగల్వకూ అయిదు రోజుల పెళ్లి జరిగింది. జనం చిన్నవాడే రాజు కావాలన్నారు, జయకేతుడు అడ్డు చెప్పలేదు. తమ్ముడి చేతికి కత్తి ఇచ్చి ఏటి ఒడ్డున చిన్న ఇంట్లో ఉండిపోయాడు. వీధిలో నడుస్తుంటే సాలెవాళ్లు తలుపులు వేసుకునేవారు. ఆయన ఒక్కనాడూ ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.

శశికేతుడు ముప్ఫై ఏళ్లు ఏలాడు. వానలు కురిశాయి, పంటలు పండాయి, పుస్తకంలో చిన్న చిన్న మంటలు వేలకొద్దీ నిండాయి. రాజై ఉండి కూడా వారానికొకరోజు మామూలు చొక్కా వేసుకుని బురుజు ఎక్కి కాపలా కూర్చునేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, "గాలి బాగుంటుంది" అనేవాడు.

ముప్ఫయ్యో ఏట ఏటి అవతల నుంచి తాటాకు ఉత్తరం వచ్చింది.

"అల్లుడుగారికి కొండప్ప రాయించినది. నాకు చూపు పోయింది. కాలం దగ్గరపడింది. ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు ఐదో చింతగింజ ఎవరిది? మీ పెద్దన్నగారిదని నమ్మి ముప్ఫై ఏళ్లు ఆయన ముఖం చూడలేదు. ఈ మధ్య ఆయనే వచ్చి నా పొయ్యిలోకి కట్టెలు కొట్టి పెట్టి వెళ్తున్నారు. ఏమీ మాట్లాడరు. తప్పు మనిషిని తిట్టుకుంటూ చనిపోవడం నాకిష్టం లేదు. అందుకని అడుగుతున్నాను."

శశికేతుడు ఉత్తరం రెండుసార్లు చదివాడు. చదివి, పడకగదిలోని చిన్న దంతపు పెట్టె తెరిచాడు. అందులో ఎండి ముడుచుకుపోయిన గుమ్మడిగింజ ఒకటి ఉంది. ద్వారం దగ్గరి కాలువలో పడవలసిన గింజ అది. ఉత్తరం మడిచి దాని పక్కన పెట్టి మూత వేశాడు.

జవాబు రాయలేదు.