పోలయ్య తెడ్డు

వరదార్యులవారికి ఒక అలవాటుండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పక, కండువా భుజాన వేసుకుని బయల్దేరేవారు. వెంట నడవడం శిష్యుడి వంతు.

రాజధానిలో న్యాయాధికారిగా కొలువు దొరికిన అచ్యుతుడు సెలవు తీసుకోవడానికి వచ్చాడు. "తప్పు చేసినవాణ్ణి దండించాలా, దయ చూపాలా గురువుగారూ?" అని అడిగాడు. అడిగాడే గాని, దయే గొప్పదని అప్పటికే తేల్చేసుకున్నాడు. వాదంలో అతన్ని ఓడించినవాడు ఆ గురుకులంలో లేడు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు. గురువుగారు కండువా అందుకున్నారు.

ఆవేళ గోదావరి రేవులో పంచాయితీ జరుగుతోంది. ఏరు పొంగితే ఆ రేవులో ఎర్రగుడ్డ కడతారు. అది ఎగురుతున్నంతసేపూ ఎవరూ పడవ విప్పకూడదు. విప్పినవాడు తెడ్డు రేవులో పెట్టేసి, ఆ బతుకుతెరువు వదులుకోవాలి. మొన్నటి వరదలో పోలయ్య కల్లు తాగి పడవ విప్పాడు. పడవ రాళ్లకు కొట్టుకుని, అందులో ఉన్న కుండలమ్ముకునే వీరమ్మ చెయ్యి విరిగింది.

పెళ్లాంబిడ్డలున్నవాడని పెద్దలు తటపటాయిస్తున్నారు. గురువుగారు శిష్యుడివైపు చూశారు. అచ్యుతుడికి అంతే చాలు, గొంతు సవరించుకున్నాడు.

"ఇతని తండ్రిని ఏరు మింగింది. ఆ దిగులు కల్లు అలవాటు చేసింది. కల్లు తెలివి పోగొట్టింది. వరద పడవని లాక్కుపోయింది. ఇందులో ఇతను చేసిన తప్పేముంది?"

పెద్దలు తలలూపారు. పోలయ్య భార్య కళ్లొత్తుకుంది. తెడ్డు దక్కింది, ఇంటిల్లిపాదికీ కూడు దక్కింది. పోలయ్య మాత్రం తల కొట్టేసినట్టు నిలబడిపోయాడు.

"తమరు నా మేలు కోరే చెప్పేరు బాబయ్యా," అన్నాడు చివరికి. "ఏరన్నారు, కల్లన్నారు. మధ్యలో నేను లేనట్టే చెప్పేరు. ఎర్రగుడ్డ చూసింది నేను. చూసీ పడవ ఇప్పింది నేను. మా అయ్య ఏనాడూ తాగి తెడ్డు పట్టలేదు. ఆయన్ని ఇందులోకి లాగకండి."

తెడ్డు తెచ్చి వీరమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు. అతని భార్య మొహాన నెత్తురుచుక్క లేదు. అయినా వారించలేదు. మొగుడి పక్కకు వచ్చి నిలబడింది.

కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో వీరమ్మ ఆ తెడ్డు తన పక్కకు జరుపుకుంది. "ఒరే పోలయ్యా, నా చెయ్యి అతుక్కునేదాకా నా గంప నువ్వు మొయ్యి. అతుక్కున్నాక ఇది నేనే నీ చేతికిస్తాను. నీ పడవ మొదట ఎక్కేదీ నేనే," అంది.

సంతకు పోవలసిన కుండల గంప పక్కనే ఉంది. పోలయ్య దాన్ని నెత్తికెత్తుకున్నాడు. కుండలు మోసేవాడికి తల వంచుకునే వీలుండదు. రేవంతా చూస్తుండగా మెడ నిలబెట్టుకుని వీరమ్మ వెనక నడిచాడు. ఊరి పడవవాళ్లు తమవాణ్ణి చూసి పొంగిపోతూ పక్కకు జరిగి దారిచ్చారు. ఆ గర్వం వాళ్లకు తగినదే.

తిరుగుదారిలో అచ్యుతుడికి ఉండబట్టలేదు. "నేను అడిగిందీ దయే, ఆమె చూపిందీ దయే. తేడా ఏముంది గురువుగారూ?"

వరదార్యులవారు నడక ఆపలేదు.

"నువ్వు అడిగినప్పుడు, దాన్ని పుచ్చుకోవడానికి అక్కడ ఎవరున్నారు నాయనా?"