సింహం బొమ్మ లేని బండి

ఆ రాజ్యంలో సర్కారు బండ్లకు సింహం బొమ్మ ఉండాలి. రేవు దాటడంలో వాటిదే మొదటి వంతు. వేగులవాళ్ల బండ్లకు మాత్రం బొమ్మ అక్కర్లేదు. వాటి గుట్టు రట్టు చేసినవాడికి కొరడా దెబ్బలు. మంత్రి వీరభద్రయ్య ఆ మినహాయింపు తన బండికీ రాయించుకున్నాడు. సింహం బొమ్మ ఉన్న బండి మంత్రిగారి మామగారి పొలానికి పేడ తోలుతోందని ఎవరో రాజుగారి చెవిన వేశారు మరి!

ఒకనాడు రేవులో బండ్లను ఏరు దాటించే పంటు నడిపే నూకయ్య, నొప్పులు పడుతున్న ఆడమనిషి బండిని ఎక్కిస్తున్నాడు. అంతలో మంత్రి బండి వచ్చింది.

"ముందు నన్ను దాటించరా! ఇది సర్కారు బండి!" మంత్రి ఉరిమాడు.

నూకయ్య గబగబా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మెల్లగా బాబూ! తమరిది గుట్టుగా తిరిగే బండి. వంతు తప్పించి ఎక్కిస్తే సర్కారుదని రేవంతా పసిగట్టేయదూ? నా వీపు చిట్లిపోద్ది. ఇప్పుడు కేకేసి చెప్పింది తమరే కాబట్టి, ఆ దెబ్బలెవరికో తమరే ఆలోచించుకోండి."

మంత్రి బండిని వరస చివరికి తోలించాడు. పంటు కదిలింది.

పేడబండ్ల వెనక ఎండలో నిలబడి, మంత్రి పొద్దుగూకే వేళకు దాటాడు. మర్నాడే బండికి సింహం బొమ్మ వేయించుకున్నాడు. ఆపైన ఆ బండి రేవులో ముందే దాటేది గానీ, మామగారి పొలంవైపు మాత్రం మళ్లీ తిరగలేదు.