పుక్కిట నీళ్ళు

అనగనగా, రాజులకు తీరిక, ప్రజలకు పని ఉన్న కాలంలో, పచ్చలూరు అనే రేవు పట్టణం ఉండేది. ఆ ఊళ్ళో కొందరికి ఒక పిచ్చి పట్టుకుంది. కూటికీ గుడ్డకూ పనికిరాని పిచ్చి. పగలంతా తమ తమ పనులు చేసుకుని, మిగిలిన పొద్దులో కొత్త కొత్త ఆటలు కల్పించేవారు. గవ్వలతో, చింతగింజలతో, గళ్ళు గీసిన పలకలతో ఆడే ఆటలు.

అమావాస్యనాడు పనివాళ్ళు పనిముట్లు ముట్టరు కదా. ఆ రోజున వీళ్ళంతా ఒకచోట చేరి, సగం సగం తయారైన తమ ఆటలు తెచ్చి పరిచేవారు. ఒకరి ఆట ఇంకొకరు ఆడి, ఎక్కడ బాగుందో, ఎక్కడ విసుగు పుట్టిందో దాచకుండా చెప్పాలి. దానికొక కట్టుబాటు ఉంది. ఆట సాగినంతసేపూ దాన్ని చేసినవాళ్ళు పుక్కిట నీళ్ళు పట్టి కూర్చోవాలి. ఆడేవాళ్ళు ఎంత తప్పుగా ఆడినా నోరు విప్పకూడదు. ఆట ముగిశాక నీళ్ళు ఉమ్మేసి, అడగవలసింది అడగవచ్చు.

వినడానికి తేలికే. కూర్చుంటే తెలుస్తుంది.

ఆ గుంపులో బేతయ్య అనే కంచరి ఉండేవాడు. ఇత్తడితో ఏనుగులు, గుర్రాలు పోతపోసి, కోట ముట్టడి ఆట చేశాడు. అంత అందమైన ఆట పట్టణంలో లేదు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా బేతయ్యకే తెలుసు. మొదటిసారి ఎవరో ఏనుగును తీసుకెళ్ళి కందకం గడిలో పెట్టారు. బేతయ్య గుటుక్కున నీళ్ళు మింగి, ఏనుగు కందకంలో దిగదని చెప్పాడు. రెండోసారీ అంతే. మూడోసారి మింగే ఓపిక కూడా లేక, నీళ్ళన్నీ కోట మీదే ఉమ్మేశాడు. ఆట చక్కనిదే గాని ఏనుగు సంగతి ఆటను చూస్తే తెలియడం లేదని తోటివాళ్ళు చెప్పారు. ఆడేవాళ్ళకే బుర్ర లేదని అతను తేల్చేశాడు.

అదే గుంపులో చాపలు అల్లే సూరమ్మ ఉండేది. గింజలు జరుపుతూ ఇల్లు చేరే ఆటను ఆమె చాపలోనే అల్లింది. మొదటిసారి పరిస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తోచలేదు. సూరమ్మ బుగ్గలు పూరించుకుని వాళ్ళ చేతుల వంకే చూసింది. ఇంటికెళ్ళి చాప విప్పి, మొదలుపెట్టే గళ్ళను ఎర్ర రంగు వేసిన తుంగతో మళ్ళీ అల్లింది. రెండోసారి చాప నడుమ అల్లిన బావి గడి దగ్గర అందరూ ఆవులించారు. ఆ బావి అంటే ఆమెకు ప్రాణం. కంట నీళ్ళు తిరిగాయి గాని పుక్కిట నీళ్ళు కదలలేదు. బావిని తీసేసి చాప మళ్ళీ అల్లింది. మూడోసారి ఆట ముగిసినా ఎవరూ లేవలేదు, ఇంకొక్కసారి ఆడదామన్నారు.

ఆ సాయంత్రం సూరమ్మ బేతయ్యతో ఉన్నమాట అనేసింది.

"అన్నా, నీ ఆట నా ఆటకంటే గొప్పది. నువ్వు పక్కన లేకపోతే దాన్నెవరూ ఆడలేరు, అదొక్కటే లోటు."

"నేనెక్కడికి పోతానమ్మా? పక్కనే ఉంటాగా," అన్నాడు బేతయ్య.

ఇలా ఉండగా, ఆ దేశపు రాజుకు ఒక దిగులు పట్టుకుంది. ఆయన కూతురిని సముద్రం అవతల దీవికి ఇచ్చాడు. అక్కడి భాష ఆమెకు రాదు, ఆమె భాష వాళ్ళకు రాదు. అల్లుడు ఎప్పుడూ ఓడల మీదే. అత్తా కోడళ్ళు పొద్దస్తమానం ఒకే గదిలో ఎదురెదురుగా, మాటా పలుకూ లేకుండా కూర్చుంటున్నారని, పిల్ల అన్నం మానేసి చిక్కి సగమైందని నావికులు చెప్పారు. మాట అక్కర్లేని ఆట ఒకటి పంపిస్తే మేలని రాజుకు తోచింది. అమావాస్య గుంపును పిలిపించాడు. అందరూ కలిసి ఈ రెండు ఆటలనే ముందు పెట్టారు.

రాజు తన వంటగత్తెనూ, పరదేశపు నావికుడి భార్యనూ పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు.

మొదట బేతయ్య ఆట. ఇద్దరూ ఏనుగులను చేతుల్లోకి తీసుకుని మురిసిపోయారు. తర్వాత వంటగత్తె ఏనుగును కందకంలో దించింది. బేతయ్య వంగి, అది అక్కడికి రాదని చెప్పాడు. ఇంకాసేపటికి నావికుడి భార్య గుర్రాన్ని కోటగోడ ఎక్కించింది. బేతయ్య మళ్ళీ వంగాడు. మూడోసారి అతను వంగబోతుంటే రాజు నెమ్మదిగా అడిగాడు.

"నాయనా, ఆటతోపాటు నిన్ను కూడా పెట్టెలో పెట్టి పంపమంటావా?"

బేతయ్య తన ఏనుగులను ఏరుకుని పక్కకు జరిగాడు.

తర్వాత చాప పరిచారు. వంటగత్తె కాసేపు చూసి, తన గింజను ఎర్ర గడిలో పెట్టింది. అది చూసి నావికుడి భార్య రెండో ఎర్ర గడిలో పెట్టింది. పొద్దు కొంత వాలేసరికి ఆమె వంటగత్తె చెయ్యి పట్టుకుని తన భాషలో ఏదో గట్టిగా అంది. దొంగాట ఆడుతున్నావని అందని, భాష రాకపోయినా సభలో అందరికీ అర్థమైంది. రాజు చాప చుట్టించి ఓడెక్కించాడు.

బేతయ్య ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాలుగు నాళ్ళు మూతి ముడుచుకుని కూర్చుని, ఆపైన కొలిమి రాజేశాడు. ఏనుగులన్నిటినీ కరిగించి, పాదాలు పెద్దవి చేసి మళ్ళీ పోశాడు. ఇప్పుడవి కందకం గళ్ళలో పట్టవు. ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొన్నాళ్ళకు ఓడ తిరిగి వచ్చింది. అమ్మాయి ఎలా ఉందని రాజు ఆత్రంగా అడిగాడు. అమ్మాయికి అన్నానికి లేవడం కుదరడం లేదనీ, వరసగా ఓడిపోయిన అత్తగారు తాను గెలిచేదాకా కోడలి కొంగు వదలడం లేదనీ నావికుడు చెప్పాడు. చాలా కాలం తర్వాత రాజు కడుపుబ్బ నవ్వాడు.

కాబట్టి పిల్లలూ, మనం చేసిన పని మనం లేనిచోట కూడా బతకాలంటే, మన ఎదుట అది తడబడుతున్నప్పుడు నోరు మెదపకుండా చూసే ఓర్పు మనకుండాలి.