పూతరేకుల పెట్టె మీది మామ్మ

ఆత్రేయపురంలో సోమలింగం అనే చిత్రకారుడు ఉండేవాడు; కుంచె పడితే ఎంత నేర్పరో, నోరు తెరవాల్సి వస్తే అంత మొహమాటస్తుడు. ఎవరు ఏ బొమ్మ అడిగినా వేసి ఇచ్చేవాడు. దాన్ని వాళ్లు ఎక్కడ వాడుకుంటారో అడిగేవాడు కాదు, తన షరతు ఒక్కటీ చెప్పేవాడు కాదు. "అడిగితే ఏమనుకుంటారో!" అని వాళ్ల తరఫున తానే అనేసుకునేవాడు. పాపం, వాళ్లు మాత్రం ఏమీ అనుకునేవాళ్లు కాదు.

అదే వీధిలో మంగాయమ్మ పూతరేకులు చేసి అమ్మేది. ఆ పని ఆమెకు నేర్పింది అత్తగారు. ఆవిడ కాలం చేశాక మంగాయమ్మ ఒకరోజు సోమలింగం ఇంటికి వచ్చింది.

"అన్నయ్యగారూ, మా అత్తగారు కుండ ముందు కూర్చుని రేకు తీస్తున్నట్టు బొమ్మ వేసివ్వండి. నా పెట్టెల మీద అచ్చు వేయించుకుంటాను. నేను తినే ప్రతి ముద్దా ఆవిడ చలవే. ఏమిచ్చి ఆ రుణం తీర్చుకోను?" అంది.

సోమలింగం మనసు పెట్టి వేశాడు. బోర్లించిన కుండ, కింద మంట, ఎగిరిపోతుందేమో అన్నంత పల్చటి రేకు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు, గడ్డం మీద పుట్టుమచ్చ. మంగాయమ్మ ఆ బొమ్మ చూసి చెంగుతో కళ్లొత్తుకుంది. ఏడాది తిరక్కుండానే "మామ్మ పెట్టె" అంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసిపోయింది. పెళ్లివాళ్లు కూడా ఆ పెట్టెలే కావాలనేవారు.

అది చూసి, బస్టాండు దగ్గర కొత్తగా పెద్ద మిఠాయి కొట్టు పెట్టిన భద్రిరాజు సోమలింగం గుమ్మంలోకి వచ్చాడు.

"ఆ మామ్మ బొమ్మే మాకూ ఒకటి వేసి పెట్టండి. వేసింది మీరే కదండీ, మీ బొమ్మ మీరెవరికైనా ఇచ్చుకోవచ్చు కదండీ?" అన్నాడు.

"అది మంగాయమ్మ కోసం వేసిందండీ" అనే మాట సోమలింగం నాలుక చివరిదాకా వచ్చింది. అంతటి మనిషి ఇంటికొచ్చి అడుగుతుంటే కాదనడం ఎలా అని నీళ్లు నమిలాడు. చివరికి చీర రంగు మార్చి, అదే మామ్మను వేసి ఇచ్చేశాడు. రంగు మారితే మనిషి మారినట్టేనని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

రాజుగారి కొట్లో పనివాళ్లు కొత్తవాళ్లు. రేకులు అట్టముక్కల్లా మందంగా వచ్చేవి. కొన్నవాళ్లు పెట్టె మీద మామ్మను చూసి మంగాయమ్మనే తిట్టుకున్నారు. "మీ చేతిలో మునుపటి రుచి లేదమ్మా" అని ముఖం మీదే అన్నారు. పెళ్లివాళ్లు ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారు. పొయ్యి వెలగని రోజులు వచ్చాయి. తన రేకులు ఎప్పటిలాగే ఉన్నాయి కదా, ఎందుకిలా అవుతోందో ఆమెకు అంతుపట్టలేదు. ఇంతలో ఒకాయన కోపంగా ఒక పెట్టె తెచ్చి ఆమె ముందు పడేశాడు. చూస్తే చీర వేరు, మామ్మ అదే.

ఆ పెట్టె పట్టుకుని మంగాయమ్మ సోమలింగం ఇంటికి వచ్చింది.

"అన్నయ్యగారూ, మా అత్తగారిని ఇంకొకరి కొట్లో కూర్చోబెట్టారా?" అంది. పెట్టె ఆయన ముందు పెట్టి, పెళ్లివాళ్లు వద్దన్న సంగతి చెప్పింది.

సోమలింగానికి తల కొట్టేసినట్టయింది. "తప్పయిపోయింది చెల్లెమ్మా! మొహమాటానికి పోయి మీ పొయ్యి ఆర్పేశాను" అన్నాడు. చెప్పులేసుకుని తిన్నగా భద్రిరాజు కొట్టుకు వెళ్లాడు. ఈసారి మాట మింగలేదు.

"రాజుగారూ, ఆ మామ్మ బొమ్మ మంగాయమ్మదండీ. మీకు ఇచ్చే హక్కు నాకు లేదు. మీరు దాన్ని వాడకూడదు" అన్నాడు.

భద్రిరాజు తెల్లబోయాడు. "ఈ ముక్క ఆవేళే అంటే వేరే బొమ్మ వేయించుకునేవాణ్ణి కదండీ! కాదంటే మిమ్మల్నేమైనా కొరుక్కుతింటానా?" అన్నాడు. అప్పటికప్పుడే ఆ పెట్టెలన్నీ తీయించేశాడు. అసలు మామ్మ మంగాయమ్మ పెట్టె మీదే ఉంటుందని వచ్చినవాళ్లందరికీ తానే చెప్పాడు.

సోమలింగం ఆయనకు గోదావరి మీద తెరచాప పడవ బొమ్మ వేశాడు. చేతికి ఇచ్చేముందే, "ఇది మీ మిఠాయి పెట్టెలకు మాత్రమేనండీ. ఇంకెక్కడ వేయించాలన్నా నన్నడగండి. ఇదే బొమ్మ నేను ఇంకెవరికీ వేయను" అన్నాడు.

"అలాగేనండీ. చెప్పి మంచిపని చేశారు" అన్నాడు రాజుగారు. ఇంత తేలికైన పనికా ఇన్నాళ్లూ భయపడ్డాను అనుకున్నాడు సోమలింగం.

మంగాయమ్మ పొయ్యి మళ్లీ వెలిగింది. మొదటి వాయి రేకులు పళ్లెంలో పెట్టుకుని ఆమె సోమలింగం ఇంటికి వచ్చింది. "రాజుగారికి కాదని చెప్పొచ్చారట. అది మీకెంత కష్టమో నాకు తెలుసు" అంటూ చేతులు జోడించింది.

"దండం పెట్టాల్సింది నేను చెల్లెమ్మా! మీరు వచ్చి అడగకపోతే ఈ జన్మకు నేను నోరు విప్పేవాణ్ణి కాదు" అన్నాడు సోమలింగం. ఆయన కళ్లు చెమర్చాయి.

"అయితే ఇంకొకటి అడుగుతాను. చేతిసంచుల మీద కూడా అత్తగారి బొమ్మ వేయించుకోవాలని ఉంది. వేయించుకోనా?"

"అయ్యో, దానికేముంది" అనబోయి సోమలింగం ఆగాడు. ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, "సంతోషంగా వేయించుకోండి. బొమ్మ కింద నా పేరు మాత్రం ఉండాలి" అన్నాడు.

"అదెంత భాగ్యం! నాకు అత్తగారిని తిరిగిచ్చిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలియాలి" అంది మంగాయమ్మ.

ఒకరి కోసం చేసిన పనిని ఎవరు, ఎంతవరకు వాడుకోవచ్చో ముందే నోరు విప్పి చెప్పాలి. మొహమాటంతో మింగేసిన మాట మనల్ని నమ్మినవాళ్లకే చేటు చేస్తుంది.