వెనుచూపులమ్మ దీవి

కృష్ణమ్మ సముద్రంలో కలిసే ముందు, రెండు పాయల నడుమనున్న దీవిలో వెనుచూపులమ్మ తల్లి కొలువై ఉన్నది. పడవ దిగిన భక్తులకు ముందుగా కనిపించేది అమ్మవారి వీపే. కొత్తవారు కంగారు పడనక్కరలేదు. ఆ తల్లి మన మీద అలిగి అటు తిరగలేదు.

పూర్వం ఇక్కడ ఏరు ఒక్క పాయగానే పారేది. వెనుక అంతా పల్లపు నేల. అమ్మవారి రాతి విగ్రహం గట్టు మీద ఏటివైపు చూస్తూ ఉండేది. పక్కనే పేరమ్మ అనే ఆమె గేదెలు కాచుకునేది. నిండు చూలాలైన ఆమె కూతురు సీతాలు పల్లంలోని పాకలో ఉండేది.

ఒక శ్రావణమాసంలో వరద వచ్చింది. పేరమ్మ నీటి అంచున రెల్లుపుల్ల పాతి, దాని మీదే కన్నేసి కూర్చుంది. మూడు రోజులైనా నీరు పుల్ల దాటలేదు. హమ్మయ్య అనుకుని మధ్యాహ్నం ఇటు తిరిగితే, అమ్మవారు వెనక్కి తిరిగి ఉన్నది! ఏ ఆకతాయి పనో అని తిట్టుకుంటూ, ఆపసోపాలు పడి విగ్రహాన్ని మళ్ళీ ఏటివైపు తిప్పింది. గేదెలకు గడ్డి వేసి వచ్చేసరికి తల్లి మళ్ళీ పల్లంవైపే చూస్తున్నది. పేరమ్మకు ఒళ్ళు మండింది.

"ఇదేం చోద్యమే తల్లీ! ఏరు ఇటుంటే నువ్వు అటు చూత్తావేంటి?" అంటూ తానూ అటు చూసింది.

అంతా నీరే! ఎగువన గట్టు తెంచుకున్న ఏరు చుట్టూ తిరిగి వచ్చి పల్లాన్ని నింపేసింది. కూతురి పాక చూరుదాకా మునిగింది.

"సీతాలూ!" అని కేక వేసింది. బదులు లేదు. మళ్ళీ వేసింది. మూడో కేకకు పాక కప్పు మీదనుంచి సన్నని గొంతు పలికింది.

"ఇక్కడే ఉన్నానే అమ్మా!"

పేరమ్మ గేదె తోక పట్టుకుని నీళ్ళలో దిగింది. కూతురిని గేదె మీద కూర్చోబెట్టి గట్టుకు చేర్చింది. తల్లీకూతుళ్ళు అమ్మవారి ముందు కూలబడి ముందు ఏడ్చారు, ఆపైన నవ్వారు. "ఇంకెప్పుడూ నిన్ను తిప్పనే తల్లీ" అని పేరమ్మ చెంపలు వేసుకుంది. ఏడోనాడు మనవరాలు పుట్టింది.

వరద తీసినా వెనుక పాయ నిలిచిపోయింది. దర్శనానికి వచ్చిన ఒక పండితుడు, "ద్వి అంటే రెండు, అప్ అంటే నీరు. రెండు వైపులా నీరున్న నేల ద్వీపం" అని వివరించాడు. జనం నోట అది దీవి అయింది. పేరమ్మ మాత్రం, "ఆ రెండో నీటిని ముందు చూసింది మా తల్లే" అనేదట.

నేటికీ ఎవరూ విగ్రహాన్ని కదపరు. భక్తులు అమ్మవారి పక్కన నిలబడి, ఆమె చూసేవైపే చూస్తూ, ఇంట విడిచివచ్చినవారిని మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. మూడో పిలుపుకు పక్కనున్నవారు, ముక్కూమొహం తెలియనివారైనా సరే, "ఇక్కడే ఉన్నా" అని బదులు పలకాలి. అది అమ్మవారి మాటేనని నమ్మి, గుండెల మీద చేయి వేసుకుని పడవ ఎక్కుతారు.