ఇంటాయన ఊరెళ్ళిన నేల

నాలో ఒక మంచి గుణం ఉంది. ఒక్కసారి చూస్తే చాలు, ఏ నేల ఎందుకు పనికొస్తుందో చెప్పేస్తాను. ఎవరినీ అడగను. అడిగి పనిలో ఉన్నవాళ్ళని ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం ఉండదు. నాలుగో తరగతి తర్వాత చదువంతా నాకు నేనే చెప్పుకున్నాను కాబట్టి, నన్ను తప్పుపట్టిన గురువు కూడా లేడు. ఈ గుణం వల్ల ఏం జరిగిందో పిల్లలు వినాలి. పెద్దలు వచ్చి పక్కన కూర్చుంటే కాదనను.

అనగా అనగా, సముద్రానికి అవతల, ఆఫ్రికా అనే పెద్ద నేల మీద, ఒక రాజూ ఒక నదీ ఉండేవారు. రాజు కొండల మీద, నది కొండల కింద. రాజు ఎన్నడూ కిందికి దిగలేదు. నది ఎన్నడూ పైకి ఎక్కలేదు. అందుకని ఇద్దరికీ తగువు లేదు. పరిచయమూ లేదు.

ఒకనాడు ఆ రాజు కొలువుకి నరహరయ్య అనే వర్తకుడు వచ్చాడు. మన గోదావరి లంకల్లో పుట్టినవాడు. వరి పండించి, మరలు పెట్టి, ఓడల మీద బియ్యం పంపి పెద్దవాడయ్యాడు. ఆయన వెనక కొలత గొలుసు మోసుకుంటూ ఒక కొలతగాడు. దాచడమెందుకు, అది నేనే. ఆయన నన్ను పేరుతో పిలిచేవాడు కాదు. "ఏమోయ్ గొలుసూ" అనేవాడు. నేనది బిరుదనుకునేవాణ్ణి.

నరహరయ్య రాజుకి గంటలు కొట్టే గోడ గడియారం ఒకటి ఇచ్చి నమస్కరించాడు.

"మహారాజా, మా దేశంలో నేల చాలడం లేదు. మీ దేశంలో ఊరికే పడి ఉంది. ఎవరూ లేని నేల ఇప్పించండి. పెద్ద యంత్రాలు తెస్తాను. వరి పండిస్తాను. మీ ప్రజలకి బడి, ఆస్పత్రి, మంచినీళ్ళు, మూడూ ఇస్తాను."

రాజు కిటికీలోంచి కిందికి చూశాడు. అది ఎండాకాలం. కనుచూపు మేరా ఎండిన గడ్డి.

"అదిగో, ఎవరూ లేరు. తొంభై తొమ్మిదేళ్ళు దున్నుకో. కాకపోతే, నిజంగా ఖాళీయేనని నీ కొలతగాడు రాసివ్వాలి."

మేం కొండ దిగాం. నాలుగు రోజుల నడక.

ఆ మైదానం మధ్యలో చెదలు కట్టిన పుట్టలు ఉన్నాయి. మన పుట్టల్లాంటివి కావు. ఒక్కొక్కటి మనిషికి మూడింతల ఎత్తు, పైన రెండు గుడిసెలు పట్టేంత వెడల్పు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ నది దగ్గర చేపలు పడుతున్నారు. ఒక పుట్ట మీద మాత్రం ఒక ముసలావిడ కూర్చుని విత్తనాల కుండకి మట్టి మెత్తుతోంది. ఆవిడ పేరు అరియెట్.

అక్కడి భాష నేను కొండ మీద రాజు కొలువులో ఉన్న రెండు నెలల్లో నేర్చుకున్నాను. సగమే వచ్చింది. కానీ పూర్తిగా వచ్చినట్టే మాట్లాడేవాణ్ణి.

"అవ్వా, ఈ నేల ఖాళీయేనా?"

"ఖాళీ ఏంటి నాయనా? ఇంటాయన ఊరెళ్ళాడు."

"ఎవరా ఇంటాయన?"

"నది. వానలు పడగానే వస్తాడు. మూడు నెలలు ఇక్కడే ఉంటాడు. మేం పుట్టలెక్కి కూర్చుంటాం. పోతూ పోతూ ఒండ్రు పరిచి పోతాడు. అందులో జొన్నలు గుచ్చుతాం. దున్నం, తడపం. మళ్ళీ ఆయన వచ్చే వేళకి కోసేస్తాం."

"ఏమంటోందోయ్?" అన్నాడు నరహరయ్య.

"ఈ నేల నదిదట అయ్యగారూ."

ఆయన విరగబడి నవ్వాడు. "నదికి పట్టా ఉందేమో అడుగు!"

నేనూ నవ్వాను. ఆయన నవ్వినప్పుడు నవ్వడం నా ఉద్యోగంలో భాగం. తర్వాత కాగితం తీసి చక్కటి అక్షరాలతో రాశాను: "నేల ఖాళీ. ఇక్కడివారికి సేద్యం రాదు. ఒక్క నాగలీ కనబడలేదు."

పటం మాత్రం నిజాయితీగానే గీశాను. ముప్పై ఒక్క పుట్టలకి ముప్పై ఒక్క పెన్సిలు చుక్కలు పెట్టాను. అవ్వ తొంగి చూసింది.

"అదేంటి?"

"నీ పుట్ట."

"ఇంత చిన్నగా పెట్టావేం?"

"కాగితం చిన్నది అవ్వా."

"పెద్ద కాగితం తెచ్చుకోవలసింది," అంది అరియెట్, కుండ వైపు తిరుగుతూ.

నరహరయ్య యంత్రాలు దిగాయి. ఆయన మొదట చేసిన పని కరకట్ట. "మా ఊళ్ళో గోదారికే కట్ట వేశాం, ఇదెంత!" అన్నాడు. మూడు ఆమడల పొడుగున నదికీ నేలకీ మధ్య మట్టిగోడ లేచింది. కట్ట పనికి వచ్చినవాళ్ళందరికీ తలా ఒక ఉక్కు పార ఇచ్చాడు. అరియెట్ ఒక పార తీసుకుని, వేలితో అంచు చూసి, మెచ్చుకుంది.

"ఇది బాగుంది. ఇలాంటివి ఇంకా తెమ్మను. తొందరగా పండే విత్తనం ఉంటే అదీ తెమ్మను, నేర్చుకుంటాం. కట్ట మాత్రం వద్దను. ఇంటాయన వచ్చేసరికి తలుపు మూసి ఉంటే ఊరుకోడు."

"ఏమంటోందోయ్?"

"పార బాగుందంటోందండి."

మిగతా సగం చెప్పలేదు. చెబితే ఆయనకి ఆ పూట అన్నం సయించేది కాదు.

రెండోసారి ఆయన నది పక్కపాయ మూసేశాడు. దాంతో లోపలికి చేపలు రావడం మానేశాయి. చేపలు పట్టుకు బతికేవాళ్ళు కూలికొచ్చారు. వాళ్ళకి కట్ట కిందే, పల్లంలో, రేకుల ఇళ్ళు కట్టించాడు. ఆ ఇళ్ళకి గీతలు గీసింది నేనే. వరసలు ఎంత తిన్నగా వచ్చాయంటే, సాయంత్రాలు ఒక చివర నిలబడి ఊరికే చూస్తూ ఉండేవాణ్ణి. మంచినీళ్ళ పంపు నిజంగానే వచ్చింది. ఆస్పత్రికి శంకుస్థాపన రాయి వచ్చింది. బడికి బోర్డు వచ్చింది.

మూడోసారి ఆయన కన్ను పుట్టల మీద పడింది.

"ట్రాక్టరు ప్రతి పుట్టనీ చుట్టి రావాల్సొస్తోందోయ్. చదును చేసేద్దాం."

"పటంలో ఉన్న మెరక తవ్వాలంటే ఊరివాళ్ళ ఒప్పుదల కావాలండి. రాజుగారి చట్టం."

"పటంలో లేకపోతే?"

"లేకపోతే అక్కర్లేదండి."

ఆయన నా వైపు చూస్తూ నిలబడ్డాడు, అంతే.

కచేరీకి పంపవలసిన పటం ఇంకా నా దగ్గరే ఉంది, దానితోపాటు ఒక మంచి రబ్బరు కూడా. ముప్పై ఒక్క చుక్కలూ చెరిపాను. ఎక్కడా మరక మిగల్లేదు. నా చేతిపని చూసి నాకే ముచ్చటేసింది.

పెద్ద యంత్రం నడిపేవాడు ఒమోద్, ఆ ఊరివాడే. అరియెట్‌కి చెల్లెలి కొడుకు. ముప్పై పుట్టలు వాడే చదును చేశాడు. అందులో వాడి తాతలనాటి పుట్ట కూడా ఉంది. కొత్త రేకుల ఇంట్లో వాడి భార్యా ఇద్దరు కూతుళ్ళూ చేరారు. మిగిలింది అరియెట్ పుట్ట ఒక్కటే.

మొదటిరోజు ఆవిడకి రంగుల చీర ఒకటి పంపాం. తీసుకుని విత్తనాల కుండకి చుట్టింది. దిగలేదు. రెండోరోజు రాజముద్ర ఉన్న కాగితం చూపించాం. "రాజుని వచ్చి ఇక్కడ మూడు నెలలు కూర్చోమను, అప్పుడు దిగుతాను," అంది. మూడోరోజు యంత్రం తెచ్చాం.

ఒమోద్ యంత్రాన్ని పుట్ట మొదలు దాకా తెచ్చి ఆపాడు.

"దిగు పెద్దమ్మా."

"నీ పుట్ట తవ్వుకున్నావు కదరా. వరదొస్తే నీ పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతావు? దీని నెత్తినే కదా. తవ్వుకో మరి."

ఒమోద్ ఇంజను ఆపేశాడు. దిగి నరహరయ్య దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, డీజిల్ అయిపోయింది."

"నిన్నేగా పోయించాను!"

"అయిపోయింది," అన్నాడు ఒమోద్, నేల చూస్తూ.

ఆ పుట్టకి మాత్రం డీజిల్ మళ్ళీ ఎప్పటికీ రాలేదు. ఎప్పుడడిగినా అయిపోయేది.

ఆ యేడు వానలు తక్కువ. కట్ట నిలిచింది. వరి పచ్చగా పండింది. ఓడలు నిండాయి. రాజు సంతోషించాడు. నరహరయ్య మీసం దువ్వుతూ, "ఇంటాయన ఈసారి రాలేదేం, అడగవోయ్ గొలుసూ," అన్నాడు. అడిగాను. అరియెట్ నది వైపు చూసి, "దారిలో ఉంటాడు," అంది.

మరుసటి యేడు వచ్చాడు.

అది మిట్టమధ్యాహ్నం. మాకు ఎండ కాస్తూనే ఉంది. వాన కురిసింది కొండల మీద. మూసేసిన పక్కపాయ దగ్గర కట్ట చిన్నగా చెమర్చింది. తర్వాత చిల్లు పడింది. తర్వాత అక్కడ కట్టే లేదు. నది ఎప్పుడూ మెల్లగా, నాలుగు వారాలు తీసుకుని వచ్చేదట. ఆ రోజు ఒక్క గంటలో వచ్చింది.

రేకుల ఇళ్ళలోంచి జనం బయటికొచ్చి పరిగెత్తారు. ఎటు పరిగెత్తాలో వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కాళ్ళకి తాతల నాటి నుంచీ తెలుసు. ఎవరి పుట్ట వైపు వాళ్ళు పరిగెత్తారు.

పుట్టలు లేవు.

పొలంలో దున్నుతున్న ఒమోద్ అప్పటికి యంత్రం వదిలి ఈదుకుంటూ పెద్దమ్మ పుట్ట ఎక్కాడు. అక్కణ్ణుంచి చూస్తే వాడి భార్య కనిపించింది. చెరో చంకనా ఒక పిల్ల. నడుము లోతు నీళ్ళలో, తమ పుట్ట ఉండవలసిన చోట నిలబడి, చుట్టూ చూస్తోంది. "ఇటు! ఇటు!" అని ఒమోద్ అరిచాడు. దూకబోతే ఆరుగురు కలిసి పట్టుకున్నారు. ఆవిడకి వినిపించిందో లేదో తెలీదు. మళ్ళీ చూసేసరికి అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

ఆ ఒక్క పుట్ట మీదా ఎనభైమందిమి ఎక్కాం. మేకలూ ఎక్కాయి. పాములూ ఎక్కాయి, ఎవరి జోలికీ రాకుండా ఒక పక్కన పడుకున్నాయి. నరహరయ్యని నేనూ ఒమోద్ తమ్ముడూ కలిసి లాగాం. అరియెట్ కొంచెం జరిగి ఆయనకి చోటిచ్చింది.

పదకొండు రోజులు అలాగే ఉన్నాం. వచ్చిన నీళ్ళు పోవడానికి దారి లేదు. నదిని లోపలికి రానివ్వకుండా వేసిన కట్టే ఇప్పుడు బయటికి పోనివ్వకుండా పట్టుకుంది. ఆకలికి కొందరు విత్తనాల కుండ వైపు చూశారు. అరియెట్ దాని మీద కూర్చుంది. "మేకలు తినండి. చెప్పులు నమలండి. ఇది మాత్రం ముట్టుకోకండి," అంది. ఎవరూ ముట్టుకోలేదు.

ఐదోరోజున నరహరయ్య మొదటిసారి నోరు విప్పాడు.

"మా నాయనమ్మకీ లంకలో ఇలాంటి మెరకే ఉండేదోయ్. గడ్డివామి దాని మీదే. వరదొస్తే పశువులతో సహా అందరం అక్కడే. కట్ట వచ్చాక, ఇంకెందుకని, మా నాన్న ఆ మట్టి తవ్వి ఇటుకలకి ఇచ్చేశాడు."

"ఏమంటున్నాడు?" అని అరియెట్ అడిగింది. ఈసారి ఒక్క మాట మింగకుండా మొత్తం చెప్పాను.

"అయితే తెలిసే చేశాడన్నమాట."

"కాదవ్వా, మర్చిపోయి చేశాడు."

ఆవిడ నీళ్ళ వైపు చూసింది. "ఆ తేడా వాళ్ళకి చెప్పి రా, నాయనా," అంది.

పన్నెండోరోజున ఒమోద్ లేచాడు. వాడూ, మరో పదిమందీ ఈదుకుంటూ వెళ్ళి, పుట్టెక్కేటప్పుడు చేతుల్లో ఉన్న ఆ ఉక్కు పారలతోనే కట్టకి అవతల, పల్లపు చివర గండి కొట్టారు. నీళ్ళు కదిలాయి. కింద బురద బయటపడింది. దానితోపాటు, మేం వెతుకుతున్నవాళ్ళు కూడా. వాళ్ళని పూడ్చాక అరియెట్ కుండ మూత తీసి, పిడికెడు పిడికెడు జొన్నలు అందరికీ పంచింది. ఆ బురదలోనే గుచ్చారు. పంట వచ్చింది. తినడానికి మనుషులే తగ్గారు.

నరహరయ్య ఓడెక్కి వెళ్ళిపోయాడు. పారలన్నీ వదిలేసి వెళ్ళాడు. ఆయన చేసిన మంచిపనుల్లో మిగిలింది అదొక్కటే, అది కూడా ఎలాగోలా ఓడెక్కి పోవాలన్న తొందరలో చేశాడు.

నేను కొండెక్కి రాజుగారి కచేరీకి వెళ్ళాను. గోడ మీద గడియారం చక్కగా పనిచేస్తోంది. పటాల గుమాస్తాకి దండం పెట్టాను.

"అయ్యా, ఆ పటం ఒక్కసారి ఇప్పించండి. ముప్పై ఒక్క చుక్కలు మళ్ళీ పెట్టాలి."

ఆయన పటం తీసి వెలుగులో పెట్టి చూశాడు.

"ఇంత శుభ్రమైన పటం ఈ కచేరీలో ఇంకోటి లేదయ్యా. దీని మీద మచ్చలు పెడతానంటావేంటి? రేపు ఇంకో వర్తకుడు వస్తున్నాడు, ఆయనకి చూపించాలి."

కిటికీలోంచి చూశాను. మళ్ళీ ఎండాకాలం. కింద ఎండిన గడ్డి. ఎవరూ లేనట్టే ఉంది.

దిగివచ్చి అరియెట్‌కి చెప్పాను. తిట్టలేదు. ఒమోద్‌తో కలిసి తట్టలతో మట్టి మోస్తోంది, వాడి పాత పుట్ట ఉన్నచోట పోయడానికి. అలాంటి పుట్ట కట్టడానికి చెదలకి వందేళ్ళు పడుతుంది. మనుషులకి ఎంత పడుతుందో ఎవరికీ తెలీదు. నాకూ ఒక తట్ట ఇచ్చారు.

మోస్తూ మోస్తూ, అలవాటు చొప్పున, మట్టి ఎక్కడ పోస్తే బాగుంటుందో ఆవిడకి చెప్పడం మొదలుపెట్టాను. అరియెట్ ఆగి, నా మొహంలోకి చూసింది. నేను నోరు మూసుకున్నాను. కాసేపే.

పిల్లలూ, నీతి ఇది: ఖాళీగా కనిపించిన నేల ఎవరిదో అక్కడ బతికేవాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పింది చివరిదాకా విన్నాకే కొలత గొలుసు విప్పాలి; అడగడం నాకిప్పుడు వచ్చు, చివరిదాకా వినడం ఇంకా రాలేదు.